వయోజన విద్యా సంస్థలో బోధనను డిజిటల్‌లోకి మార్చడం ఎలా?

వయోజన విద్యా కేంద్రాలు నడిపేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మా తరగతులను డిజిటల్‌లోకి మార్చాలనుకుంటున్నాం, ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే మంచిది?" దానికి సమాధానం ఈ వ్యాసంలో నాలుగో మెట్టు దగ్గర ఉంది. కానీ మొదటి మూడు మెట్లు దాటకుండా అక్కడికి దూకినవారికి ఆ సమాధానం ఉపయోగపడదని ముందే చెప్పడం మంచిది. 2020లో కోవిడ్ వల్ల తరగతి గదులు మూతపడినప్పుడు చాలా సంస్థలు ఉన్నపళంగా వీడియో కాల్‌లలో పాఠాలు మొదలుపెట్టాయి. అది ఆనాటి అత్యవసర ఏర్పాటు మాత్రమే. ఆ హడావుడిలో పడిన అలవాట్లే నేటికీ చాలాచోట్ల పద్ధతులుగా చెలామణీ అవుతున్నాయి.

సిద్ధాంతం జోలికి ఎక్కువగా వెళ్లను గానీ, ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. పిల్లవాడు బడి మానేస్తే ఇంట్లోనో బడిలోనో ఎవరో ఒకరు అడుగుతారు. పెద్దవాళ్లు మానేస్తే వాళ్లంతట వాళ్లే, చెప్పకుండా మానేస్తారు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, అనారోగ్యం అన్నీ సర్దుకుని చదువుకు వచ్చిన మనిషికి ఒక పాస్‌వర్డ్ పనిచేయకపోవడం కూడా ఆగిపోవడానికి చాలినంత కారణం అవుతుంది. కాబట్టి కింది ప్రతి మెట్టు దగ్గరా "ఇక్కడ ఎవరు జారిపోతారు?" అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- మార్పుకు ఎంచుకున్న ఒకే ఒక్క కోర్సు.
- ఈ పనికి బాధ్యత వహించే ఒక వ్యక్తి. ఉన్న పనులకు ఇది తోడుగా కాకుండా, వారంలో ఇన్ని గంటలు దీనికే అని కేటాయించి ఉండాలి.
- మనస్ఫూర్తిగా ఒప్పుకున్న బోధకుడు లేదా బోధకురాలు.
- ఫోన్ నంబర్లు సరిచూసిన అభ్యాసకుల జాబితా.
- చిన్న తెర, తక్కువ మెమరీ ఉన్న ఒక పాత ఫోన్. పరీక్షలన్నీ దీని మీదే చేయాలి.
- మైక్ ఉన్న హెడ్‌సెట్. మంచి కెమెరా కన్నా స్పష్టమైన గొంతు ముఖ్యం.
- సొంత పరికరం లేనివారు కూర్చుని నేర్చుకోవడానికి కేంద్రంలో ఒక గది, అందులో ఒకటి రెండు పరికరాలు.

1. ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోండి

ఈ సర్వేను ఆన్‌లైన్ ఫారం ద్వారా చేయకండి. ఫారం తెరవడం చేతకానివారు అందులో కనిపించరు, మీకేమో అందరూ సిద్ధంగా ఉన్నారన్న భ్రమ కలుగుతుంది. తరగతిలోనే, ఒక్కొక్కరితో నోటిమాటగా అడిగి రాసుకోండి.

ఫోన్ సొంతమా, ఇంట్లో అందరిదా? రోజులో ఏ సమయంలో అది మీ చేతిలో ఉంటుంది? నెలకు ఎంత డేటా వస్తుంది, అది ఎన్నాళ్లకు అయిపోతుంది? ఫోన్‌లో ఖాళీ జాగా ఉందా? మీ భాషలో టైపు చేయగలరా, లేక మాట్లాడి పంపుతారా? ఈ ప్రశ్నలకు తోడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడగండి: ఓటీపీ ఏ ఫోన్‌కు వస్తుంది? నంబరు తల్లిదైనా సిమ్ కొడుకు ఫోన్‌లో ఉంటుంది, ఆ కొడుకు పనికి వెళ్లి ఉంటాడు. ఆమె లాగిన్ కావాలంటే అతను ఫోన్ ఎత్తాలి, వచ్చిన అంకెలు చదివి చెప్పాలి, అవి ఆమె ఇక్కడ గడువులోగా టైపు చేయాలి. మొదటి తరగతికి ఆమె రాకపోతే "ఆసక్తి లేదు" అని మీరు రాసుకుంటారు.

హెచ్చరిక: "ఇది చేయడం వచ్చా?" అని అడిగితే పెద్దవాళ్లలో చాలామంది మొహమాటానికి వచ్చనే అంటారు. అడగడంతో సరిపెట్టకుండా చేయించి చూడండి. మీ ఎదురుగా ఒక లింక్ తెరవమనండి, నోటుపుస్తకంలోని పేజీని ఫోటో తీసి పంపమనండి, ఒక వాయిస్ మెసేజ్ పెట్టమనండి. ఆ తర్వాత జాబితాలో ప్రతి పేరు పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: తనంతట తాను చేయగలవారు, ఎవరైనా పక్కన ఉంటే చేయగలవారు, ప్రస్తుతానికి సాధ్యం కానివారు. ఈ గుర్తులు చివరిదాకా అవసరమవుతాయి కాబట్టి జాగ్రత్త చేసుకోండి.

2. ఒక్క కోర్సుతో మొదలుపెట్టండి

ఏటా మళ్లీ మళ్లీ నడిచేది, 8 నుంచి 12 వారాల్లో ముగిసేది, పోల్చి చూసుకోవడానికి పాత హాజరు పట్టిక ఉన్నది అయితే మంచిది. ఇప్పటికే సరిగా నడవని కోర్సును "డిజిటల్‌లోనైనా బాగుపడుతుందేమో" అన్న ఆశతో ఎంచుకోకండి. అక్షరాభ్యాసం దశలో ఉన్నవారి తరగతిని కూడా మొదటి ప్రయోగానికి తీసుకోవద్దని నా సలహా. చదవడమే ఇంకా కుదరనివారికి తెర మీది సూచనలు రెండో అడ్డుగోడ అవుతాయి.

3. పాఠాన్ని విడదీయండి

రెండు గంటల తరగతిని రెండు గంటల వీడియో కాల్‌గా మార్చడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. ముందు మీ తరగతిలో ఆ రెండు గంటలూ ఎలా గడుస్తున్నాయో కాగితం మీద రాయండి. మామూలుగా 20 నిమిషాలు గత పాఠం గుర్తుచేసుకోవడానికి, 30 నిమిషాలు కొత్త విషయం వివరించడానికి, 40 నిమిషాలు అభ్యాసానికి, 30 నిమిషాలు దిద్దడానికీ సందేహాలకూ పోతాయనుకుందాం. ఇందులో వివరణను రికార్డు చేసి ఇవ్వవచ్చు, ఎవరి వీలునుబట్టి వారు వింటారు. అభ్యాసం ఇంటి దగ్గర జరుగుతుంది. దిద్దడానికీ సందేహాలకూ మాత్రం మనుషులు ఒకే సమయంలో కలవాలి. అంటే లైవ్ తరగతి 40 నిమిషాలకు మించనవసరం లేదు.

రికార్డింగులు కూడా చిన్నవిగా ఉండాలి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో వీడియోలు ఎంతసేపు చూస్తున్నారో 2014లో పరిశీలించినప్పుడు, వీడియో ఎంత పొడవున్నా జనం చూసేది సుమారు 6 నిమిషాలకు మించడం లేదని తేలింది. 30 నిమిషాల వివరణను ఐదారు ముక్కలు చేసి, ఒక్కో ముక్క చివర ఒక్కో ప్రశ్న పెట్టండి.

ప్రత్యామ్నాయం: సంభాషణతో నేర్పే భాషా తరగతుల్లోనూ, చేతిపని నేర్పే తరగతుల్లోనూ ముఖాముఖి భాగాన్ని పూర్తిగా తీసేయకండి. వారానికి రెండు తరగతులుంటే ఒకటి కేంద్రంలో, ఒకటి డిజిటల్‌లో జరిగే మిశ్రమ పద్ధతి చాలా సంస్థలకు సరిపోతుంది. అన్నీ ఆన్‌లైన్‌లో ఉంటేనే ఆధునికమనుకోనక్కరలేదు.

4. వేదికను ఎంచుకోండి

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. నాలుగు షరతులు పెట్టుకోండి: ఫోన్‌లో తెరుచుకోవాలి, అభ్యాసకుల భాష కనిపించాలి, ఉచిత పరిమితి మీ అవసరానికి చాలాలి, మీరు రేపు వేరేచోటికి మారితే మీ పాఠాలూ మార్కులూ బయటికి తెచ్చుకునే వీలుండాలి.

*అతి చిన్న సంస్థకు* అభ్యాసకులు ఇప్పటికే వాడుతున్న వాట్సాప్ వంటి మెసేజింగ్ యాప్ చాలు. అయితే మామూలు గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, దానివల్ల కొందరు స్త్రీలకు అనవసరపు మెసేజ్‌లు రావడం, వారు గ్రూపు వదిలి వెళ్లిపోవడం జరుగుతుంది. ఒకే మెసేజ్‌ను ఒక్కొక్కరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడితే ఈ ఇబ్బంది ఉండదు. కాకపోతే మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే ఆ మెసేజ్‌లు చేరతాయి కాబట్టి, ఆ పని తరగతిలోనే మీ ఎదురుగా చేయించండి.

*పాఠాలు, అసైన్‌మెంట్లు, మార్కులు ఒకేచోట కావాలంటే* గూగుల్ క్లాస్‌రూమ్ సులువుగా మొదలవుతుంది. మూడుల్ 2002 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల, మార్చుకోగల) వ్యవస్థ, దాని యాప్‌లో పాఠాలను దించుకుని ఇంటర్నెట్ లేనప్పుడు చదువుకోవచ్చు. అయితే సాఫ్ట్‌వేర్ ఉచితమైనంత మాత్రాన నిర్వహణ ఉచితం కాదు. సర్వర్, బ్యాకప్, అప్‌డేట్లు చూసుకునే మనిషి లేకపోతే మూడుల్ జోలికి వెళ్లకండి.

*ఇంటర్నెట్ నిలకడగా ఉండని చోట* కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. ఒక కంప్యూటర్‌లో పాఠాలు నింపి పెడితే, ఆ గదిలోని స్థానిక నెట్‌వర్క్ ద్వారా మిగిలిన పరికరాలు ఇంటర్నెట్ లేకుండానే వాటిని తెరవగలవు.

*లైవ్ తరగతులకు* జూమ్ ఉచిత ఖాతాలో ఒక్కో సమావేశం 40 నిమిషాలకు, గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలకు ఆగిపోతుంది. మూడో మెట్టులో తరగతిని 40 నిమిషాలకు కుదించమనడానికి ఇది కూడా ఒక కారణం. జిట్సీ, బిగ్‌బ్లూబటన్ ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయాలు. ఇలాంటి పరిమితులను కంపెనీలు మారుస్తూ ఉంటాయి కాబట్టి మొదలుపెట్టే వారంలో మరోసారి సరిచూసుకోండి.

5. పాఠ్యసామగ్రిని ఫోన్ కోసం తయారుచేయండి

ముందు బరువు లెక్క చూడండి. సెకనుకు 1.5 మెగాబిట్ల రేటుతో తీసిన 10 నిమిషాల వీడియో సుమారు 112 ఎంబీ ఉంటుంది. అదే 10 నిమిషాల వివరణను 64 కిలోబిట్ల ఆడియోగా ఇస్తే 5 ఎంబీ కూడా ఉండదు. బోధకుడి ముఖం తప్ప మరేమీ కనిపించని వీడియో కన్నా, ఆ ఆడియోకు రెండు మూడు బొమ్మలు జతచేసి పంపడం మేలు. చేసి చూపవలసిన పనికి మాత్రమే వీడియో ఉంచుకోండి.

పుస్తకపు పేజీలను వంకరగా ఫోటోలు తీసి పీడీఎఫ్ చేసి పంపడం మానండి. చిన్న తెర మీద పక్కకు జరుపుతూ చదవవలసిన పేజీని ఎవరూ రెండోసారి తెరవరు. పాఠాన్ని యూనికోడ్‌లో, అంటే అన్ని ఫోన్లూ ఒకేలా చదవగల అక్షర పద్ధతిలో టైపు చేయండి. పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు కొన్ని ఫోన్లలో గజిబిజి అక్షరాలుగా కనిపిస్తాయి, చూపు లేనివారి కోసం ఉన్న స్క్రీన్ రీడర్లు వాటిని చదవలేవు. అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతాయి. నలభై దాటి కళ్లజోడు మరచి వచ్చేవారు మీ తరగతిలో ఉంటారు కాబట్టి లేత బూడిదరంగు అక్షరాలను దూరం పెట్టండి.

కాపీరైట్ సంగతి కూడా మరవకండి. తరగతిలో పుస్తకం చూపించడం వేరు, దాన్ని స్కాన్ చేసి అందరికీ పంచడం వేరు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్న సామగ్రి, అంటే కొన్ని షరతులతో ఇతరులు పంచుకోవచ్చని రచయితే ముందుగా అనుమతి ఇచ్చిన సామగ్రి దొరికితే వాడండి, కానీ ముందు షరతు చదవండి. కొన్ని లైసెన్సులు మార్పుచేర్పులను ఒప్పుకోవు, అంటే మీరు దాన్ని అనువదించి పంచడానికి వీల్లేదు.

6. బోధకులను ముందుగా విద్యార్థులను చేయండి

పెద్ద తెర మీద బటన్లు చూపిస్తూ ఇచ్చే శిక్షణ మర్నాటికి గుర్తుండదు. దానికి బదులు బోధకులందరినీ ఇంటి నుంచి, సొంత ఫోన్లతో, విద్యార్థులుగా ఒక తరగతిలో చేరమనండి. లింక్ వెతుక్కోవడం, గొంతు వినిపించకపోవడం, అసైన్‌మెంట్ ఎక్కడ పెట్టాలో తెలియకపోవడం వారికీ ఒకసారి అనుభవంలోకి రావాలి.

మొదటి కొన్ని లైవ్ తరగతులకు ఇద్దరు ఉండాలి. ఒకరు పాఠం చెబుతుంటే మరొకరు చాట్ చూస్తూ, చేరలేకపోతున్నవారికి ఫోన్ చేసి దారి చెబుతుంటారు. తయారీకి పట్టే సమయాన్ని పనిగంటల్లో లెక్కించి వేతనం ఇవ్వండి. సందేహాలకు జవాబిచ్చే వేళలను నిర్ణయించి అందరికీ చెప్పండి. ఇది చేయకపోతే రాత్రి పదకొండు గంటలకు వచ్చే మెసేజ్‌లకు జవాబిచ్చే బోధకులు రెండు నెలల్లో విసిగిపోతారు.

7. సున్నా తరగతి నిర్వహించండి

కోర్సు మొదలయ్యే ముందు వారం అభ్యాసకులను కేంద్రానికి పిలిచి, పాఠం ఏమీ లేకుండా ఒక తరగతి పెట్టండి. అందులో ప్రతి ఒక్కరూ తమ చేత్తో చేయవలసిన పనులు ఇవి: లింక్ ద్వారా చేరడం, మైక్ ఆపడం, తెరవడం, తమ పేరు మార్చుకోవడం, నోటుపుస్తకం ఫోటో పంపడం, ఒక పాఠం దించుకుని డేటా ఆపేసి తెరవడం, బయటికి వచ్చి మళ్లీ లాగిన్ కావడం.

పేరు మార్చుకోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. అది నేర్పకపోతే మీ హాజరు జాబితాలో సగం పేర్లు ఫోన్ మోడళ్లుగానో, "అమ్మ ఫోన్" అనో, ఇంట్లో చదువుకునే పిల్లవాడి పేరుతోనో ఉంటాయి. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో తేల్చడానికి ప్రతిసారీ పది నిమిషాలు పోతాయి.

హెచ్చరిక: ఆలస్యమవుతోందని అభ్యాసకుల చేతిలోంచి ఫోన్ లాక్కుని మీరే చేసిపెట్టకండి. మీరు మూడు సెకన్లలో నొక్కేసింది వారు చూడనైనా చూడరు. వేలితో చూపించండి, మాటతో చెప్పండి, నొక్కడం మాత్రం వారికే వదలండి.

చివరగా ఒక కాగితం చేతికివ్వండి. అందులో తరగతి వేళ, లింక్ ఎక్కడ దొరుకుతుంది, ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్న మూడు విషయాలే ఉండాలి. పాస్‌వర్డ్ ఆ కాగితం మీద రాయకండి.

8. తరగతులు మొదలుపెట్టండి, అంతరాయానికి సిద్ధంగా ఉండండి

నెట్‌వర్క్ పోయినప్పుడు ఏం చేయాలో మొదటి రోజే చెప్పండి. ఉదాహరణకు "బోధకుడు కనిపించకపోతే 10 నిమిషాలు అదే లింక్‌లో ఉండండి, అప్పటికీ రాకపోతే పాఠం ఆడియోగా మెసేజ్‌లో వస్తుంది" అని నియమం పెట్టవచ్చు. లింక్ కోర్సు మొత్తానికీ ఒకటే ఉండాలి.

తరగతిని రికార్డు చేస్తుంటే ముందుగా చెప్పి అనుమతి తీసుకోండి. వద్దన్నవారు కెమెరా ఆపి, మాట్లాడకుండా చాట్‌లో రాసే వీలు కల్పించండి. రికార్డింగు ఎవరు చూస్తారు, ఎప్పుడు తొలగిస్తారు అన్నది కూడా చెప్పాలి. వ్యక్తిగత సమాచారం విషయంలో మీ దేశంలో అమలులో ఉన్న చట్టాన్ని ఒకసారి తెలిసినవారితో సరిచూసుకోండి.

తరచుగా జరిగే పొరపాట్లు

యాప్‌లు పెరిగిపోవడం వీటిలో మొదటిది. నోటీసులు ఒకదాంట్లో, పాఠాలు మరోదాంట్లో, పరీక్షలు ఇంకోదాంట్లో ఉంటే అభ్యాసకులు అన్నీ వదిలేస్తారు. లైవ్‌కు ఒకటి, మిగతా అన్నిటికీ ఒకటి, అంతకు మించవద్దు.

లాగిన్‌ను హాజరుగా లెక్కించడం రెండోది. ఫోన్ తెరిచిపెట్టి వేరే పనిలో ఉండవచ్చు. ఆ రోజు ఇచ్చిన చిన్న ప్రశ్నకు జవాబు వచ్చిందా లేదా అన్నదే అసలైన హాజరు.

కెమెరా తప్పనిసరి చేయడం వల్ల మంచి కన్నా చెడు ఎక్కువ. ఒక గదిలో నలుగురు ఉండే ఇల్లు చూపించడానికి ఎవరూ ఇష్టపడరు, పైగా డేటా కూడా ఖర్చవుతుంది. ముఖాలు చూడకుండా పాఠం చెప్పలేమన్న బోధకుల ఇబ్బంది నిజమే. దానికి విరుగుడుగా మొదటి ఐదు నిమిషాలు ఇష్టమున్నవారు కెమెరా తెరవవచ్చని చెప్పండి.

"అర్థమైందా?" అని అడిగి, ఎవరూ పలకకపోతే అర్థమైందనుకోవడం తరగతి గదిలో కన్నా తెర మీద ఎక్కువ నష్టం చేస్తుంది. "ఈ లెక్క చేసి, జవాబు ఫోటో పంపండి" అంటే ఎవరికి అర్థమైందో వెంటనే తెలుస్తుంది.

ఫలితాన్ని సరిచూసుకోవడం

అభ్యాసకులను "తరగతులు నచ్చాయా?" అని అడిగితే మిగిలి ఉన్నవారే జవాబిస్తారు, మిగిలి ఉన్నవారికి సహజంగానే నచ్చి ఉంటుంది. మీరు లెక్క చూడవలసింది వెళ్లిపోయినవారిని.

మొదటి వారం, నాలుగో వారం, చివరి వారం ఎంతమంది పని చేసి పంపారో రాసుకోండి. దాన్ని అదే కోర్సు కేంద్రంలో నడిచిన ఏడాది లెక్కతో పోల్చండి. తర్వాత మొదటి మెట్టులో వేసిన మూడు గుర్తులతో కలిపి చూడండి. 30 మంది చేరి నాలుగో వారానికి 22 మంది మిగిలారనుకోండి. పోయిన 8 మందిలో 6 గురు "ప్రస్తుతానికి సాధ్యం కానివారు" అయితే లోపం పాఠంలో లేదు, పరికరంలోనో ప్రవేశంలోనో ఉంది, కాబట్టి కేంద్రంలోని గదిని వారి వేళలకు తెరిచి ఉంచండి. అదే 6 గురు "తనంతట తాను చేయగలవారు" అయితే పాఠం విసుగు పుట్టిస్తోందని అర్థం, రికార్డింగులు మళ్లీ వినండి.

మానేసినవారికి ఫోన్ చేసి "ఎందుకు మానేశారు?" అని అడగకండి, అది నిలదీసినట్లు ఉంటుంది, ఇంట్లో పని అని చెప్పి పెట్టేస్తారు. "చివరిసారి తెరిచినప్పుడు ఎక్కడ ఆగిపోయింది?" అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది.

నేర్చుకున్నదీ లేనిదీ తేలాలంటే పాత పరీక్షనే మళ్లీ ఇవ్వండి, సులువు చేయకండి. ఇంటి నుంచి వచ్చే జవాబులు పిల్లలో మనవలో రాసినవి కావచ్చు, ఈ రోజుల్లో ఏఐ యాప్ రాసినవీ కావచ్చు. ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడి, తాము పంపిన జవాబు గురించే రెండు ప్రశ్నలు అడగండి. సొంతంగా చేసినవారు తడుముకుంటూనైనా చెబుతారు. చెప్పలేకపోయినవారిని తప్పుపట్టకుండా, ఆ పాఠం మళ్లీ ఇవ్వండి.

ఎంతమంది మిగిలితే రెండో కోర్సుకు వెళ్లాలి, ఎంతమంది పోతే ఆపి సరిదిద్దుకోవాలి అన్న అంకెలను కోర్సు మొదలుపెట్టే ముందే కాగితం మీద రాసి సంతకం చేసి పెట్టుకోండి. ఫలితం వచ్చాక ఏ అంకెకైనా సమర్థన దొరుకుతుంది. రెండో కోర్సుకు వెళ్తున్నట్లయితే ఒకటో మెట్టు సర్వేను కొత్త జాబితాతో మళ్లీ చేయండి, ఎందుకంటే మొదటి కోర్సువారి దగ్గర ఉన్న ఫోన్లు, వేళలు వీరి దగ్గర ఉంటాయని లేదు.